ముందు మనిషి

ఫిల్మ్ నగర్‌లో ఆ మేడ ఎక్కడుందో చెప్పను. చెబితే రేపు రాత్రికే ఫోన్లు పట్టుకుని వీడియోలు తీయడానికి బయల్దేరతారు. బండరాళ్ళ పక్కనుంచి ఎత్తుకి ఎక్కే సందు, సందు చివర మూడంతస్తుల పాత బిల్డింగు, దాని వెనక రేకుల షెడ్డు. ఇంతవరకు చాలు.

ఆ మేడ రెండో అంతస్తులో ఒక గది ఉంది. ఆ గదికి చెడ్డపేరుంది.

రాత్రి పదకొండు దాటితే అక్కడ ఏ ప్రోగ్రామూ కంపైల్ అవదంటారు.

నవ్వొచ్చిందా? నాకూ వచ్చింది. "దెయ్యమన్నాక జుట్టు విరబోసుకుని తిరగాలి గానీ, కంప్యూటర్ని పట్టుకుని వేలాడటమేంటే?" అని మా స్ఫూర్తిని ఏడిపించాను కూడా. నేనెవరో చెప్పలేదు కదూ. నా పేరు లీలాకుమారి, డబ్బింగ్ ఆర్టిస్టుని. పాతికేళ్ళలో ఎన్ని దెయ్యాలకి గొంతిచ్చానో నాకే గుర్తులేదు. మైకు ముందు ఏడ్చాను, పళ్ళు కొరికాను, చిన్నపిల్లలు జడుసుకునేలా నవ్వాను. ఇంటికొచ్చి పెసరట్టేసుకుని తిని హాయిగా పడుకున్నాను. దెయ్యమంటే నాకు ఒక పూట పని. అంతకుమించి మర్యాద దానికి ఎప్పుడూ ఇవ్వలేదు.

ఇంకో సంగతి. ఆ గది ఒకప్పుడు మా డబ్బింగ్ థియేటరే. నాలుగు గోడలకీ మెత్తలు, ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు. లోపలుంటే బయట పిడుగు పడినా వినపడదు. ఇది గుర్తుంచుకోండి.

స్ఫూర్తి మా చెల్లెలి కూతురు. శ్రీనగర్ కాలనీలో నా దగ్గరే ఉంటుంది. ఏడాదిన్నర నుంచి ఆ మేడలో ఉద్యోగం. ఇప్పుడు చెప్పేదంతా అది చెప్పిందే. వంటగదిలో కింద కూర్చుని, తెల్లారాక, రెండు చేతులతో టీ గ్లాసు పట్టుకుని చెప్పింది. టీ చల్లారిపోయింది గానీ ఒక్క గుక్క తాగలేదు.

ముందు ఆ కంపెనీ చేసే పని చెప్పాలి. సినిమాల్లో హీరో గాల్లోకి లేస్తాడు చూడండి... ఆ రోప్ పని వాళ్ళది. ఒకప్పుడు పదిమంది కింద నిలబడి తాడు లాగేవాళ్ళు. ఇప్పుడు మోటార్లు లాగుతున్నాయి. ఎప్పుడు లాగాలి, ఎంత వేగంగా లాగాలి, ఎక్కడ ఆపాలి అన్నది ప్రోగ్రాం చెబుతుంది. ఆ ప్రోగ్రాం కూడా మనిషి రాయడట! షాట్ వివరాలు — ఎత్తెంత, ఎక్కేవాడి బరువెంత, ఎన్ని సెకన్లు — ఒక ఫారంలో నింపితే, ఒక టూలు నాలుగువేల లైన్ల కోడు దానంతటదే రాసి పడేస్తుంది. మొదటి లైన్లోనే ఉంటుందట — "ఇది టూలు రాసిన కోడు. చేత్తో దిద్దవద్దు."

దాన్ని తెచ్చి ఆ గదిలో ఉన్న మిషన్లో కంపైల్ చెయ్యాలి, అంటే మోటారుకి అర్థమయ్యే భాషలోకి మార్చాలి. మా సినిమావాళ్ళ భాషలో సెన్సారనుకోండి. లోపల ఏ తేడా ఉన్నా పాస్ చెయ్యదు. పాసయిందా, కోడు నేరుగా వెనక షెడ్డులో ఉన్న మోటార్లలోకి పోతుంది. రోప్ షాట్లు తీసేదీ ఆ షెడ్డులోనే. ఆ మోటార్ల చివర మర్నాడు ఒక మనిషి వేలాడతాడు.

ఇక బాలశౌరి సంగతి.

గుంటూరు వైపు నుంచి వచ్చి యూసుఫ్‌గూడలో స్థిరపడ్డ రోప్ మనిషి. సన్నగా, పొడుగ్గా, యాభై ఎనిమిది కిలోలు. ఇరవై ఏళ్ళలో ఆయన ఎక్కించిన ఒక్క ఫైటర్ కూడా కిందపడలేదు. దానికి కారణం ఆయన పెట్టుకున్న ఒక ఆచారం. ఎవర్ని ఎక్కించాలన్నా ముందు తను వేలాడేవాడు. ఊరికే కాదు, ఎక్కేవాడికంటే పది కిలోలు ఎక్కువ బరువుతో. తను బక్కమనిషి కాబట్టి తక్కువైన బరువుకి ఇసుక నింపిన సంచి ఒకటి పొట్టకి హత్తుకుని వేలాడేవాడు.

"ముందు నేను. తాడు నన్ను మోస్తే, తర్వాత మీరు."

ఎంత పెద్ద హీరో ఎదురుచూస్తున్నా సరే, ఇదే మాట. సెట్లో అందరూ ఆయన్ని 'ముందు మనిషి' అనేవాళ్ళు. ఆ సంచి ఆయన భార్య మేరీ కుట్టింది. కాస్ట్యూమ్స్‌లో టైలర్ ఆవిడ. పాత జీన్స్ గుడ్డ, ఎర్రదారం, మూడు వరసల కుట్టు.

కంపెనీ పెట్టిన కొత్తలో ఆయన్ని ఆర్నెల్లు ఆ గదిలో కూర్చోబెట్టి, ఆయనకి తెలిసిందంతా అడిగి టూల్లోకి ఎక్కించారు. పదో తరగతి చదివిన మనిషి. అన్నిటికీ సరేనన్నాడు గానీ ఒక్కదగ్గర మొండికేశాడట. "ముందు మనిషి వేలాడకపోతే మోటారు తిరక్కూడదు అంటే సరిపోదు బాబూ. అసలు మీ కోడే తయారవకూడదు." ఇంజనీర్లు నవ్వుకున్నారు. నవ్వుకుంటూనే పెట్టారు.

ఎలాగంటే — టెస్టుకి మోటారు మెల్లగా లాగుతుంది, దానికి ఈ కోడు అక్కర్లేదు. అలా షెడ్డులో ఎవరైనా వేలాడితే అక్కడున్న మిషన్ ఒక చిన్న ఫైలు రాస్తుంది. బరువెంత, తాడు నిలిచిందా తెగిందా, అంతే. టూలు రాసిన ప్రతి కోడూ కంపైల్ అయ్యేముందు ఆ ఫైలు ఎక్కడుందని వెతుకుతుంది. లేకపోతే ఎర్రగా ఒకటే లైను — 'ఫైలు దొరకలేదు'. అక్కడితో ఆగిపోతుంది.

అర్థమైందా? రాత్రి పదకొండు దాటాక షెడ్డులో మనుషులుండరు. ఎవరూ వేలాడరు. ఫైలుండదు. అందుకే కంపైల్ అవదు. దెయ్యమూ లేదు, నా బొందా లేదు.

అక్కడితో కథ అయిపోతే ఎంత బాగుండేది...

రెండేళ్ళ కిందట సిద్ధార్థ అనే కుర్రాడు ఆ గదిలో పనిచేసేవాడు. ఒకరోజు షాట్ ఆలస్యమైంది. హీరో మేకప్‌తో కూర్చుని ఉన్నాడు. ముందు మనిషి వేలాడితే అరగంట పోతుంది. సిద్ధార్థ తెలివైనవాడు కదా — ఆ ఫైలు పేరుతోనే ఒక ఉత్త ఫైలు చేసి, 'నిలిచింది' అని ఒక్క మాట టైపు చేసి పెట్టేశాడు. కంపైల్ అయిపోయింది!

కింద ఉన్న బాలశౌరికి ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదు. ఆయన మామూలుగానే సంచి హత్తుకుని, కొక్కెం తగిలించుకుని, చెయ్యెత్తాడు.

"మెల్లగా" అన్నాడు.

బటన్ నొక్కారు. టెస్టు అయిపోయిందని ఆ మోటారుకి ముందే చెప్పేశారుగా, ఇంక దానికి మెల్లగా ఏంటి? షాట్ వేగంతో లాగింది. నలభై అడుగులు. పైన ఇనప దూలం...

ఆ ముక్క ఇంక చెప్పను. నావల్ల కాదు.

పోలీసులొచ్చారు, వెళ్ళారు. మానవ తప్పిదమని రాసుకున్నారు. ఆ మానవుడెవరో రాసుకోలేదు. సిద్ధార్థ బెంగుళూరు వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళు భయానికి అందరూ టెస్టులు చేశారు. తర్వాత మళ్ళీ మామూలే. సిద్ధార్థ కుర్చీలోకి మా స్ఫూర్తి వచ్చింది. మూడో నెలకల్లా ఆ దొంగఫైలు ఎలా పెట్టాలో ఎవరో నేర్పించారు.



"ఎన్నిసార్లు పెట్టావే?" అన్నాను.

"పదకొండు, పెద్దమ్మా."

చెంప పగలగొడదామనిపించింది. నిజంగా! చెయ్యి లేచింది కూడా. "కొట్టు. కానీ ముందు విను" అంది. చెయ్యి దించేశాను.

మొన్న శ్రావణంలో వానలు ఆగకుండా పడ్డాయి చూడండి, ఆ వారం. శుక్రవారం తెల్లవారుజామున అయిదింటికి షాట్. హీరోకి డూప్‌గా ఎక్కేవాడు చరణ్ తేజ — బాలశౌరి కొడుకు. ఇరవై రెండేళ్ళు. తండ్రి పోయాక ఆ పని వద్దురా అని మేరీ కాళ్ళావేళ్ళా పడ్డా వినలేదు. "నాన్న చేసిన పనేగా" అన్నాడట. మంచి పిల్లాడు. క్రిస్మస్‌కి వాళ్ళమ్మ చేసిన కేకు తెచ్చి స్ఫూర్తికిస్తే, అది ఇంటికి తెస్తే, సగం నేనే తినేశాను. స్ఫూర్తిని నోరారా 'అక్కా' అంటాడు.

గురువారం రాత్రి పదకొండున్నరకి కంపెనీ ఓనరు కొడుకు బాబీ ఫోన్ చేశాడు.

"కోడ్ ఎక్కించేశావా?"

"ఫైలు లేదండి. ఈరోజు షెడ్డులో ఎవరూ వేలాడలేదు. వాన అని నాలుగింటికే వెళ్ళిపోయారు."

"అయితే?"

"అయితే... పొద్దున వాళ్ళొచ్చాక టెస్టు చేసి—"

"పొద్దున టెస్టు పెడితే గంట పోతుంది. లైటింగ్ పోతుంది. నీకు తెలీని పనా ఇది? ఎప్పుడూ చేసేదే చెయ్యి." ఫోన్ పెట్టేశాడు.

ఫోన్ కింద పెట్టిందో లేదో, మెసేజ్ వచ్చింది. చరణ్ తేజ.

'అక్కా, రేపు నాదే షాట్. నలభై అడుగులు. ముందు ఎవరు వేలాడారు?'

ఆ మెసేజ్ వంక అయిదు నిమిషాలు చూస్తూ కూర్చుందట. మొబైల్ లైటు ఆరిపోతే మళ్ళీ వెలిగించుకుని చూసిందట. చివరికి రాసింది —

'టెస్టు అయిపోయింది తేజా. పడుకో.'

'నువ్వు చెప్పావుగా, చాలు అక్కా' అని వెంటనే జవాబు.

అది ముఖం పైకెత్తకుండా చెప్పుకుపోయింది.

సరే, మనసు రాయి చేసుకుని దొంగఫైలు పెట్టింది. కంపైల్ నొక్కింది.

'ఫైలు దొరకలేదు.'

ఇప్పుడే కదా పెట్టాను అనుకుంటూ ఫోల్డర్ తెరిచి చూస్తే — ఫైలు లేదు.

మళ్ళీ పెట్టింది. పేరు రెండుసార్లు సరిచూసుకుంది. నొక్కింది... 'ఫైలు దొరకలేదు.' ఫోల్డర్లో మళ్ళీ ఖాళీ.

మూడోసారి పెట్టి, రెప్ప వెయ్యకుండా ఫోల్డర్ వంకే చూస్తూ కూర్చుంది. కంపైల్ మొదలవగానే దాని కళ్ళముందే ఫైలు మాయమైంది.

చెమటలు పట్టాయి. ఏసీ పద్దెనిమిదిలో ఉంది... అయినా చెమటలు. గది అంతా ఏదో వాసన, తాళ్ళకి రాసే నూనె వాసన. ఆ గదిలో తాడుముక్క కూడా లేదు.

కానీ ఇంజనీరు పిల్ల కదా, భయాన్ని పక్కనబెట్టి రెండు గంటలు కారణం వెతికింది. దొరికింది కూడా! ఆ సోమవారమే టూలు కొత్త వెర్షన్ పెట్టారు. అది కంపైల్ నొక్కగానే ముందు ఫోల్డర్ ఊడ్చేస్తుంది. తనో, షెడ్డు మిషనో రాయని ఫైలు ఏది కనపడినా చెత్తే అనుకుని తీసేస్తుంది. అంతే సంగతి. స్ఫూర్తికి నవ్వొచ్చింది. ఒక్కతే కూర్చుని గట్టిగా నవ్వుకుందట. ఊడ్చడం ఆపెయ్యమని ఒక టిక్కు తీసేసి, నాలుగోసారి దొంగఫైలు పెట్టింది.

కంపైల్ నొక్కబోతుంటే తలుపు తెరుచుకుంది.

వాచ్‌మన్ ఐలయ్య. గొడుగులోంచి నీళ్ళు కారుతున్నాయి. లోపలికి రాకుండా గడపలోనే నిలబడ్డాడు.

"మేడం... షెడ్డు తాళం ఏసే ఉంది. గాని కిటికీ అద్దంలకెళ్ళి చూస్తే లోపట తాడు ఊగుతున్నది."

"గాలేమో, ఐలయ్యా."

"తలుపులు, కిటికీలు అన్నీ బందే ఉన్నయి. గాలి ఏడికెళ్ళి వస్తది?"

స్ఫూర్తి స్క్రీన్ వైపు తిరిగింది.

"ఇయ్యాలనే కాదు మేడం," అన్నాడు గొంతు తగ్గించి. "మీరు రాత్రి ఉన్నప్పుడల్లా ఊగుతది. చెప్తే నవ్వుతరని చెప్పలే."

గొడుగు ముడిచి, మెట్ల మీదే కూర్చున్నాడు. కిందికి పోనన్నాడు. తలుపులు రెండూ వాటంతటవే మూసుకున్నాయి. మళ్ళీ ఆ గదిలో నిశ్శబ్దం — అది మామూలు నిశ్శబ్దం కాదండీ, నాకు తెలుసు, మన గుండె చప్పుడు మనకే చిరాకు తెప్పించేంత నిశ్శబ్దం.

టైము రెండూ నలభై. స్ఫూర్తి కంపైల్ నొక్కింది.

ఈసారి ఆగలేదు. పది శాతం... ముప్ఫై... యాభై...

స్క్రీన్ మూలన చిన్న గడి ఒకటి ఉంటుందట. షెడ్డులో తాడు మీద ఎంత బరువుందో చూపించే మీటరు. ఎప్పుడూ సున్నాయే. దాన్నెవరూ చూడరు.

ఆ సున్నా కదిలింది.

రెండు... పందొమ్మిది... నలభై... యాభై ఎనిమిది.

అక్కడ ఆగింది.

మీటరు తడిసిందేమో అనుకుంది స్ఫూర్తి. పైకే అంది, తనకి తను వినపడాలని. "తడిసింది. వానకి తడిసింది."

అంకె మళ్ళీ కదిలింది. మెల్లగా, ఎవరో బరువైనదాన్ని జాగ్రత్తగా ఒళ్ళోకి తీసుకుంటున్నట్టు... అరవై అయిదు... డెబ్భై నాలుగు... ఎనభై రెండు.

ఆగింది.

ఆ రోజు సాయంత్రం ఫారం నింపింది తనే. చరణ్ తేజ బరువు డెబ్భై రెండు. దానికి పది కలిపితే—

ఎనభై శాతం... తొంభై... అంకె మాత్రం ఎనభై రెండు దగ్గర కదలకుండా ఉంది. ఒకటి, రెండు, మూడు... లెక్కపెట్టిందట. బాలశౌరి ఇరవై అంకెలు లెక్కపెట్టేంతసేపు వేలాడేవాడని చరణ్ తేజ చెప్పగా విన్నది. పన్నెండు... పదమూడు... పద్నాలుగు...

సున్నా.

ధబ్బుమని చప్పుడు.

పిడుగు పడినా వినపడని గదిలో, వెనకాల షెడ్డులో ఏదో పడిన చప్పుడు దానికి వినపడింది.

కంపైల్ తొంభై ఎనిమిది దగ్గర ఆగిపోయింది. స్క్రీన్ మీద ఎర్ర లైను. ఈసారి 'ఫైలు దొరకలేదు' అని కాదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు —

'తాడు నిలవలేదు. ఎవర్నీ ఎక్కించొద్దు. బాలశౌరి.'

కుర్చీ తన్నేసి బయటికి పరిగెత్తింది. ఐలయ్య అప్పటికే లేచి నిలబడి ఉన్నాడు. ఆయనకీ వినపడింది. ఇద్దరూ వానలో షెడ్డు దాకా వెళ్ళారు. తాళం వేసే ఉంది. ఐలయ్య తాళం తీశాడు.

లైటు వేశారు.

తాడు మొత్తం నేలమీద కుప్పపడి ఉంది. పైన దాన్ని పట్టుకునే ఇనప బిగింపు రెండు ముక్కలైంది. లోపలంతా తుప్పు, బయటికి మాత్రం మెరిసే పెయింటు. మర్నాడు పొద్దున్న నలభై అడుగుల ఎత్తులో తెగాల్సింది అది.

మనిషెవరూ లేరు.

తాడు కింద సంచి ఒకటి పడి ఉంది. జీన్స్ గుడ్డ, ఎర్రదారం కుట్టు.

స్ఫూర్తి ఫోన్ చేస్తే, బాబీ నాలుగింటికల్లా ఇద్దరు ఇంజనీర్లని వెంటేసుకుని వచ్చాడు. అంతా చూసి, "ఏముంది ఇందులో?" అన్నాడు. "నిన్న మనవాళ్ళు సంచి కట్టి మర్చిపోయారు. తుప్పుపట్టిన బిగింపు రాత్రికి విరిగింది. మీటరుకి తడి తగిలి పిచ్చి అంకెలు చూపించింది. బరువు ఉన్నట్టుండి సున్నా అయితే షెడ్డు మిషన్ తనే 'తెగింది' అని ఫైలు రాసేస్తుంది. కంపైల్ చివర్లో ఆ ఫైలు మళ్ళీ ఒకసారి చదువుతుంది. ఆ ఎర్ర లైనంటావా, తెగినప్పుడు రావాలని ఆయన బతికుండగా పెట్టించిందే. ఇన్నాళ్ళూ ఎప్పుడూ తెగలేదు కాబట్టి ఎవరూ చూడలేదు."

చక్కగా అతికింది. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. అందరూ తలలూపారు. అందరికంటే ఎక్కువ నమ్మాలనుకుంది మా స్ఫూర్తే. మీటరుకి తడి తగిలిందన్న మాట ఒక్కటి రుజువైతే చాలనుకుని, ఆ గదిలోకి వెళ్ళి మీటరు పాత రికార్డులు తెరిచింది. ఫైలు రాసినా రాయకపోయినా ఆ మీటరు ప్రతి సెకనూ అంకె దాచిపెడుతుందట. ఎవరూ ఎప్పుడూ తెరిచి చూడలేదు.

ఏడాదిన్నర రికార్డు. రాత్రిళ్ళన్నీ సున్నాలే.

నిన్నటిది కాక ఇంకో పదకొండు రాత్రులు తప్ప.

ఆ పదకొండు తేదీలు ఏవో దానికి చూడకుండానే తెలుసు. అయినా చూసింది. ప్రతి రాత్రీ తెల్లవారుజామున ముందు యాభై ఎనిమిది. తర్వాత పెరిగి ఇంకో అంకె. ఒకరోజు డెబ్భై తొమ్మిది. ఒకరోజు ఎనభై ఎనిమిది. ఇంకోరోజు అరవై నాలుగే, ఆ మర్నాడు ఎక్కింది సన్నటి హీరోయిన్. ఏ రోజుకి ఆ రోజు, మర్నాడు ఎక్కబోయే మనిషి బరువుకి సరిగ్గా పది ఎక్కువ. ఇరవై అంకెలు లెక్కపెట్టేంతసేపు. తర్వాత మెల్లగా సున్నా.

ఆ పదకొండుసార్లూ తాడు నిలిచింది. అందుకే ఎవరికీ తెలియలేదు.

నాలుగున్నరకి చరణ్ తేజ వచ్చాడు. షెడ్డులోకి నడిచి, తాడు చూశాడు, పైకి చూశాడు. సంచి చూసి అక్కడే గొంతుక్కూర్చున్నాడు. కుట్టు మీద వేలు పెట్టి చూశాడు.

"టెస్టు అయిందన్నావు కదక్కా?"

"అబద్ధం చెప్పాను తేజా."

వాడు తిట్టలేదు. తిడితే బాగుండేది అంది మా పిల్ల. సంచిని రెండు చేతులతో ఎత్తుకుని, "అమ్మకి చూపించాలి" అన్నాడు. ఇద్దరూ ఆటోలో యూసుఫ్‌గూడ వెళ్ళారు. సంచి వాడి ఒళ్ళో ఉంది.

మేరీ అప్పటికే లేచి మిషన్ దగ్గర కూర్చుని ఏవో సైనికుల చొక్కాలకి గుండీలు కుడుతోంది. కొడుకు ఒళ్ళో ఉన్నదాన్ని చూసి సూది కిందపెట్టేసింది. దగ్గరికొచ్చి, సంచి తిరగేసి, మూడు వరసల కుట్టూ చూసింది. తన చేతి కుట్టు తనకి తెలీదా!

"ఎక్కడిదిది?"

"షెడ్డులో ఉందమ్మా."

"షెడ్డులో ఎలా ఉంటుందిరా?" అంది మేరీ. గొంతులో కోపం లేదు, భయం కూడా లేదు. "ఇసుక పారబోసి, ఉతికి, మడతపెట్టి మీ నాన్న తలకింద పెట్టి పెట్టె మూశాం. పెట్టింది నువ్వే కదా."

చరణ్ తేజ తలూపాడు. "నేనేనమ్మా."

మేరీ సంచి మూతి విప్పింది. లోపల ఇసుక కాదు. ఎర్రమట్టి. తడిగా ఉంది. చేత్తో కొంచెం తీసి చూసుకుంది. సమాధుల తోటలో పెట్టెమీద తన చేత్తో వేసిన గుప్పెడు మట్టి ఆవిడకి గుర్తే.

అప్పుడు స్ఫూర్తి ఆవిడ కాళ్ళదగ్గర కూర్చుని మొత్తం చెప్పేసింది. దొంగఫైలు చెప్పింది. పదకొండు రాత్రులూ చెప్పింది. నిన్న రాత్రి జరిగిందీ చెప్పింది. ఏదీ దాచలేదు.

మేరీ అంతా విని, ఒక్కటే అడిగింది.

"పడ్డాడా అమ్మా? ... దెబ్బ గట్టిగా తగిలిందా?"

మా పిల్ల ఏడ్చింది. ఇది చెబుతున్నప్పుడు నా వంటింట్లో కూడా ఏడ్చింది. దాన్ని దగ్గరికి తీసుకున్నాను. పాతికేళ్ళు దెయ్యాలకి ఏడ్చినదాన్ని, నేనూ దాంతోపాటు ఏడ్చాను.

మేరీ మట్టిని జాగ్రత్తగా మళ్ళీ సంచిలోనే వేసి, మూతి కట్టి, కొడుకు చేతిలో పెట్టిందట. మధ్యాహ్నం తీసుకెళ్ళి ఆయన దగ్గర పెట్టేసి రమ్మంది. తర్వాత స్ఫూర్తి గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తింది.

"నువ్వా ఫైలు పెట్టినప్పుడల్లా ఆయన లేచి రావాలమ్మా. ఇరవై ఏళ్ళు చేశాడు, అలిసిపోయాడు. ఇంక పెట్టకు... ఆయన్ని పడుకోనియ్యి."